మైనరు, పెద్దమనిషి, పాలేరు

విజయవాడలో పాఠం చెప్పే రోజుల్లో ఒకసారి "మైనరు" అంటే ఏమిటని తరగతిలో అడిగాను. ముందు బల్ల విద్యార్థి "పద్దెనిమిదేళ్ళు నిండనివాడు" అన్నాడు. వెనుక బల్ల నుంచి "మెడలో గొలుసు వేసుకుని తండ్రి ఆస్తి తగలేసేవాడు" అని మరో జవాబు వచ్చింది. అందరూ నవ్వారు. ఇంటికి వెళ్ళి ఆలోచిస్తే రెండో జవాబులోనే చరిత్ర ఎక్కువ వున్నదనిపించింది. మనిషి ఎప్పుడు పెద్దవాడవుతాడన్న ప్రశ్నకు మన కృష్ణా డెల్టా సమాజం ఒకే జవాబు చెప్పలేదు. ఆస్తిని బట్టి, కులాన్ని బట్టి, ఆడా మగా భేదాన్ని బట్టి వేరువేరు మాటలు చెప్పింది.

ముందు మైనరు సంగతి చూద్దాం. వారసుడు పసివాడుగా వుండగా జమీందారు చనిపోతే ఎస్టేటు కోర్టు ఆఫ్ వార్డ్సు కిందికి వెళ్ళేది. మద్రాసు ప్రభుత్వం ఇందుకు 1804లో రెగ్యులేషనూ, 1902లో చట్టమూ చేసింది. 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం మామూలు మనిషికి 18 ఏళ్ళకు మైనారిటీ తీరేది. కోర్టు ఆఫ్ వార్డ్సు కింద వున్నవాడికి 21 దాకా తీరేది కాదు. ఎస్టేటు వారసుడి బాల్యాన్ని చట్టం మూడేళ్ళు పొడిగించిందన్నమాట! ఈ తేడాను 1999లో గాని తొలగించలేదు. శిస్తు వసూలవుతూనే వుంటుంది, ఖర్చుకు డబ్బు అందుతూనే వుంటుంది, బాధ్యత మాత్రం మరొకరిది. ఈ బ్రతుకును చూచిన జనం కోర్టు మాటకు తమ అర్థం తాము చెప్పుకున్నారని నా అభిప్రాయం. వయసు మీరినా బరువు ఎరుగని సోకులరాయుడు మైనరు బాబయ్యాడు, అతని మెడలోది మైనరు గొలుసయింది. 1948 చట్టంతో జమీలు రద్దయినాయి గాని ఈ మాట రద్దు కాలేదు.

ఆడపిల్లకు ఇలాంటి పొడిగింపు లేదు. పన్నెండో పదమూడో ఏట రజస్వల కాగానే "పెద్దమనిషి అయింది" అన్నారు. మగవాడు పెద్దమనిషి అంటే నలుగురిలో మాట చెల్లేవాడు. ఆడది పెద్దమనిషి అంటే ఇక వీధిలోకి రాకూడనిది. ఒకే మాట ఒకరిని రచ్చబండ ఎక్కించి, మరొకరిని గది మూలకు నెట్టింది. ఆస్తి వున్న స్త్రీకైనా గౌరవం దక్కలేదు. ఎస్టేటు చూసుకోలేనివారి జాబితాలో 1902 చట్టం మైనర్లతోపాటు, మతి చలించినవారితోపాటు, సర్కారు అసమర్థులనుకున్న స్త్రీలనూ చేర్చింది. 1929 శారదా చట్టం ఆడపిల్ల పెళ్ళికి 14 ఏళ్ళు నిండాలన్నది. అప్పుడు మన పెద్దమనుషులు కొందరు ఏం చేశారు? పిల్లలను వెంటబెట్టుకుని, ఆ చట్టం వర్తించని ఫ్రెంచి యానాంకు పోయి పెళ్ళిళ్ళు చేశారు. ఆ వూరికి కళ్యాణపురమన్న పేరే పడింది. ఆడపిల్ల పెళ్ళి వయసు 18 కావడానికి 1978 దాకా పట్టింది.

ఇక పాలేరు. పాలేరు కొడుకు ఏడెనిమిదేళ్ళకే ఆసామి పశువుల వెంట పోయేవాడు. అతనికి మైనారిటీ లేదు. అరవై నిండినా ఆసామి ఇంటి పసివాడు అతన్ని "ఒరే" అనే పిలిచేవాడు. అతనికి మెజారిటీ కూడా లేదు. నేనూ అలా పిలిచినవాణ్ణే. మా ఇంటి ముసలి పాలేరు నన్ను భుజాన ఎక్కించుకుని కాలవ దాటించేవాడు. నేను "ఒరే" అంటే ఆయన "చిన్నబాబుగారూ" అనేవాడు. ఎవరూ నన్ను తప్పు పట్టలేదు. నారు ఊడ్చిన చేను పిలకలు వేయడం, పొట్ట కట్టడం, ఈనడం, గింజ పాలు పోసుకోవడం, పాలు లేనిది తాలుగా మిగలడం, ఇవన్నీ గట్టు మీద కూర్చోబెట్టి నాకు నేర్పింది ఆయనే. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయిన తరువాత డెల్టా సంపద ఇలాంటి చేతుల మీద పెరిగింది. వరి ఎదుగుదలలో అడుగడుగుకూ పేరు చెప్పగల మనిషిని పెద్దవాడని పిలిచే మాట మాత్రం మా ఇంట్లో లేకపోయింది.

ఈ లెక్కలన్నిటినీ ఒక్క దెబ్బతో కొట్టివేసిన మాట "వయోజనుడు". 1935 చట్టం కింద ఓటు ఆస్తినీ, పన్నునూ, చదువునూ బట్టి వచ్చేది. 1951-52 ఎన్నికలలో 21 ఏళ్ళు నిండిన ప్రతివారికీ వచ్చింది. 1989లో అది 18 అయింది. వ్యావహారిక భాషాభిమానులం గనుక ఈ సంస్కృత పదాన్ని మనం వెక్కిరించవచ్చు. కాని జమీందారునూ, పాలేరునూ, పాలేరు భార్యనూ ఒకే వరుసలో నిలబెట్టింది అదే. అయితే చట్టం ఇచ్చిన మాట పోలింగు కేంద్రం దాకానే నడిచింది. పోలింగు నాడు వయోజనుడైనవాడు మరునాడు ఉదయం మళ్ళీ "ఒరే" అయ్యాడు.

మన భాషలో పెరగడం వేరు, ఎదగడం వేరు. తిండి వుంటే మనిషి ఒడ్డూ పొడుగూ పెరుగుతాడు. ఎదుటివాడిని పెద్దవాడని ఒప్పుకున్నప్పుడు గాని ఎదగడు. కాలేజీలో చేరిన ఏడాది సెలవులకు ఊరు వెళ్ళి, ఆ ముసలాయన్ని మొదటిసారి "తాతా" అని పిలిచాను. ఇంకెవరినో పిలుస్తున్నాననుకుని ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

విద్యార్థులు తమ తమ ఊళ్ళలో ఎవరిని ఏ వయసులో ఏమని పిలిచారో, ఏమని పిలుస్తున్నారో రాసిపెట్టాలని నా కోరిక. ఆ జాబితా ఏ నిఘంటువులోనూ దొరకదు.