ఎనభై రెండేళ్ల బొమ్మా బొరుసూ

సాహిత్యంలో డాక్టరేటు చేసినదాన్ని. పదో తరగతి తర్వాత లెక్కల పుస్తకం ముట్టలేదు. ముప్ఫై దాటాక, స్త్రీల గురించిన సర్వే నివేదికలు చదవాల్సి వచ్చి, సగటు, మధ్యగతం, సంభావ్యత మళ్లీ మొదలుపెట్టాను. పాఠ్యపుస్తకం నిండా నాణేలూ, పాచికలూ, సంచిలో రంగు బంతులూ. విసుగొచ్చి, పాత లండన్ పట్టిక ఒకటి ముందేసుకున్నాను.

అది జాన్ ఆర్బత్‌నాట్ తయారుచేసింది. ఇంగ్లండులో ఆన్ రాణికి వైద్యుడాయన, వ్యంగ్య రచయిత, స్విఫ్ట్‌కి స్నేహితుడు (అంటే కొంత మనవాడే). 1629 నుంచి 1710 దాకా లండన్‌లో బాప్తిస్మం పొందిన ఆడ, మగ పిల్లల సంఖ్య ఏడాదివారీగా రాశాడు. మొదటి ఏడు మగపిల్లలు 5218, ఆడపిల్లలు 4683. వెయ్యిమంది మగపిల్లలకి 897 మంది. భాగహారం చేశాక తట్టింది, వీళ్లు పుట్టినవాళ్లు కాదు, చర్చి పుస్తకానికెక్కిన వాళ్లు. బాప్తిస్మానికి ముందే పోయిన పసికందులు ఇందులో లేరు.

82 ఏళ్లలో ఒక్క ఏడాదైనా ఆడపిల్లలు ఎక్కువ లేరు. పుట్టుక బొమ్మా బొరుసూ లాంటిదైతే వరసగా 82 సార్లు బొమ్మే పడే అవకాశమెంత? 82 సగాల్ని ఒకదానితో ఒకటి హెచ్చవేయాలి. నేను పదో మెట్టు దాకా వేశాను: 1024లో ఒకటి. చివరిదాకా వెళితే హారంలో 25 అంకెల సంఖ్య.

ఇంతవరకు లెక్క సరైనదే. నాణెం కాదు కనుక ఇది దైవసంకల్పం అన్నాడాయన. తిండి కోసం బయట తిరిగే మగవాళ్లకి ప్రమాదాలెక్కువట, ఆ నష్టం పూడ్చడానికే మగపుట్టుకలు ఎక్కువట. స్త్రీల జబ్బుల వల్ల కలిగే నష్టం అంతకంటే చాలా తక్కువని అనుభవమే చెబుతుందట. కాన్పుల్లో ఆడవాళ్లు పోతున్న కాలమది. 82 ఏళ్ల పట్టిక వేసిన వైద్యుడు ఈ మాటకి మాత్రం ఒక్క అంకె చూపలేదు! అక్కణ్నుంచి బహుభార్యాత్వం ప్రకృతి విరుద్ధమని తేల్చాడు. బహుభార్యాత్వాన్ని నేనూ ఒప్పుకోను గానీ, దానికి ఈ లెక్క సాక్ష్యం కాదు.

1713 నాటికే నికొలస్ బెర్నూలీ జవాబు చెప్పాడు. 35 ముఖాల పాచికలో 18 మగ, 17 ఆడ అనుకోండి. ఏటా వేల పుట్టుకలున్న ఊళ్లో మగపిల్లలే ఎక్కువ కావడం వింత కాదు. సగం సగం కాదని తేలిందంతే. ఎందుకు కాదో ఆర్బత్‌నాట్ పరీక్ష చెప్పదు.

మన జనగణన చదివేటప్పుడు ఇది నాకు పనికొచ్చింది. సహజంగానే 100 మంది ఆడపిల్లలకి సుమారు 105 మంది మగపిల్లలు పుడతారు, అంటే వెయ్యికి 952. దేశంలో ఆరేళ్లలోపు పిల్లల్లో 1991లో 945, 2001లో 927, 2011కి ఇంకా దిగింది. వెయ్యికి వెయ్యి లేరని బాధపడితే మనమూ ఆ నాణేన్నే పట్టుకున్నట్టు. పైగా ఈ అంకె పుట్టుకలది కాదు, బతికున్న పిల్లలది. స్కానింగ్ గదిలో తేలిపోయిన వాళ్లూ, పుట్టాక పాలూ మందులూ దక్కక పోయినవాళ్లూ ఇందులో కలిసిపోయారు. వాళ్లని విడదీయాలంటే పుట్టుకల లెక్క ఒకటి, శిశుమరణాల లెక్క ఒకటి వేరువేరుగా కావాలి. ప్రస్తుతం ఆ రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను.