పాచికల న్యాయం: చింతపిక్కల నుంచి ఫోను దాకా

పాచిక న్యాయంగా ఉందనాలంటే రెండు చూడాలి. ఏం పడుతుందో వేయకముందు ఎవరికీ తెలియకూడదు. ఆడేవాళ్లందరికీ ఒకే అవకాశం ఉండాలి. అన్ని ముఖాలూ సమానంగా పడాలన్నది ఆ తరువాతి మాట.

ఉదయగిరి, ఆత్మకూరు ఉన్న నెల్లూరు పడమటి మెట్టతో సహా తెలుగు పల్లెలకు తెలిసిన అష్టాచెమ్మాలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. గవ్వలు లేకపోతే చింతపిక్కలను బండమీద అరగదీస్తారు. ఒకవైపు తెల్లగా తేలుతుంది, రెండోవైపు నల్లగానే ఉంటుంది. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, అంటే 4. నాలుగూ నల్లగా పడితే అష్టా, 8. పిక్క రెండువైపులా సమానంగా పడితే ఈ రెంటికీ చెరో 16వ వంతు అవకాశం. చేత్తో అరగదీసిన పిక్కకు ఆ హామీ లేదు. పదింట ఆరుసార్లు తెలుపు చూపే పిక్కలైతే చెమ్మా నూటికి 13 సార్లు పడుతుంది, అష్టా రెండున్నర సార్లే. అయినా అన్యాయం లేదు: అవే పిక్కలు అందరి చేతుల్లోకీ వస్తాయి, అందరి కళ్లముందే పడతాయి.

పాచికల మర్మం తెలిసినవాడంటే భయం పాతదే. శకుని చేతిలో ఓడిన ధర్మరాజుకు అరణ్యవాసంలో బృహదశ్వ మహర్షి అక్షహృదయమనే పాచికల విద్య నేర్పాడు. 13వ శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానకవి తిక్కన భారతాన్ని అందుకున్నది విరాటపర్వంతో. అందులో ఆ ధర్మరాజే కంకుభట్టుగా రాజుతో జూదమాడి, రాజు కోపంతో కొట్టిన పాచిక దెబ్బ తింటాడు.

లెక్కతో పరీక్షించడం తరువాత వచ్చింది. 1894లో వెల్డన్ అనే శాస్త్రవేత్త 12 పాచికలను 26,306 సార్లు వేసిన ఫలితాలు నమోదు చేశాడు. 5, 6 కలిపి మూడో వంతు రావాల్సింది, 33.77 శాతం వచ్చాయి. కార్ల్ పియర్సన్ 1900లో ఫలితాలు అంచనాకు ఎంత దూరంగా ఉన్నాయో తేల్చే తన కై-వర్గ పరీక్షకు ఈ అంకెలను వాడుకున్నాడు.

ఫోనులో పాచిక బదులు సూత్రం ఉంటుంది. ఒక బీజసంఖ్య నుంచి అది వరుసగా సంఖ్యలు పుట్టిస్తుంది. 0 నుంచి 255 దాకా వచ్చే సంఖ్యను 6తో భాగించి శేషం తీసుకుంటే నాలుగు ముఖాలకు 43 చొప్పున, రెండింటికి 42 చొప్పున వాటాలు వస్తాయి. జాగ్రత్తగల ప్రోగ్రామరు చివరి నాలుగు సంఖ్యలను వదిలేస్తాడు. మత్సుమొతో, నిషిమురా 1998లో ప్రచురించిన మెర్సెన్ ట్విస్టర్ అనే సూత్రం సంఖ్యలను సమానంగా పరుస్తుంది గాని, వరుసగా 624 పూర్తి సంఖ్యలు చూసినవాడు తరువాతివి ముందే చెప్పగలడు.

ఆడేవాళ్ల ఫిర్యాదు మాత్రం వేరు: నాకు ఆరు పడనివ్వడం లేదని. నలుగురి లూడోలో ఎవరో ఒకరికి మొదటి పదిసార్లూ ఆరు పడకపోవడం దాదాపు సగం ఆటల్లో జరిగేదే. 2002 నాటి ఫైర్ ఎంబ్లెమ్ వ్యూహక్రీడ రెండు సంఖ్యల సగటు తీసి, తెరమీద 90 శాతం చూపినచోట 98 శాతం దెబ్బలు తగిలేలా చేసింది. ఆడేవాడికి హాయిగా ఉండొచ్చు; చూపిన అంకె నిజం కానప్పుడు దాన్ని న్యాయమనలేం.

డబ్బు పందెం ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో వాటిని నిషేధిస్తూ కేంద్ర చట్టం కూడా వచ్చింది. పందెం లేని ఆటలోనూ పాచిక అందరికీ కనిపించాలి, అందుకు దారి ఉంది. ఆట మొదలుకాకముందే సర్వరు తన బీజసంఖ్య హాష్‌ను, అంటే బీజాన్ని బయటపెట్టకుండానే తరువాత దాన్ని మార్చలేకుండా కట్టేసే గుర్తును, ప్రకటిస్తుంది. ఆటగాడు తన సంఖ్యను దానికి కలుపుతాడు. ఆట అయ్యాక బీజం బయటపెడితే, పడిన ప్రతి పాచికనూ ఎవరైనా తిరిగి లెక్కవేసి చూసుకోవచ్చు.