రక్తకమల విహార దహనము

చీనాదేశపు ఖడ్గవీరుల చలనచిత్రములను గూర్చి ముచ్చటించువారిలో పెక్కురు హాంకాంగ్ నుండియే కథ నారంభింతురు. కాని ఆ కళకు పుట్టినిల్లు షాంఘై నగరము. అచటి మింగ్‌షింగ్ సంస్థవారు 1928లో ఝాంగ్ షిచ్వాన్ దర్శకత్వమున, ష్యాంగ్ కైరాన్ రచించిన వీరగాథ నాధారముగ గొని నిర్మించిన 'రక్తకమల విహార దహనము' అను మూకచిత్రము ప్రజల నెంతగా నాకర్షించెననగా, 1931 నాటికి దానికి 18 భాగములు వెలువడెను.

ఛాయాగ్రాహకుడైన డుంగ్ కెయీ ప్రతిభ ఇందు ప్రత్యేకముగ స్మరింపదగినది. విహారమునకు క్రిందిభాగము మాత్రమే కట్టించి, పైభాగమును గాజుపలకపై చిత్రించి, రెండును ఏకనిర్మాణముగ భాసించునట్లు ఆయన చిత్రీకరించెను; పాత్రధారులను ఇనుపతీగలకు వ్రేలాడదీసి ఆకాశగమన మొనరింపజేసెను. హూ డియే ధరించిన హోంగ్ గూ అను వీరకన్య పాత్ర తెరపై ఎగిరివచ్చినపుడెల్ల ప్రేక్షకులు హర్షధ్వానములు సలుపుచుండిరనియు, అది ఆ నటిని జూచి కాక ఆ వీరనారిని జూచి చేసినదనియు సుప్రసిద్ధ రచయిత మావో దున్ 1933లో వ్రాసెను. ఆయన ఈ చిత్రములను భూస్వామ్యయుగపు మత్తుగా నిరసించినవాడే. అయినను ఆయన సాక్ష్యమే ఆ చిత్రమునకు లభించిన గొప్ప యోగ్యతాపత్రమని నా తలంపు. సేనానాయకుల దౌర్జన్యములచే నలిగి, న్యాయస్థానములయందు విశ్వాసము సన్నగిల్లిన ప్రజలు, చట్టమునకు వెలుపల నిలిచి ధర్మమును రక్షించు ఖడ్గధారిణిని జూచి కేకలు వేయుటలో మౌఢ్యమేమున్నది?

ప్రభుత్వ మట్లు తలంపలేదు. మూఢవిశ్వాసములను పెంపొందించునను కారణమున 1931లో చిత్రపరిశీలక సంఘము దీనిని నిషేధించెను. ఇట్టి చిత్రములకు షాంఘైలో త్రోవ మూసికొనిపోగా, హాంకాంగ్ వాటికి నీడయయ్యెను. 1949లో అచట వాంగ్ ఫే-హంగ్ అను వీరుని పాత్రను క్వాన్ తక్-హింగ్ ధరించిన చిత్రములు మొదలయ్యెను. 1966లో దర్శకుడు కింగ్ హూ 'కమ్ డ్రింక్ విత్ మీ' యందు నటి చెంగ్ పే-పే చేత కత్తి పట్టించి, ప్రాచీన నాటకరంగపు లయను యుద్ధదృశ్యములయందు ప్రవేశపెట్టెను. ఆయన 'ఎ టచ్ ఆఫ్ జెన్' 1975లో కాన్ చలనచిత్రోత్సవమున సాంకేతిక పురస్కార మందెను.

'రక్తకమల విహార దహనము' యొక్క 18 భాగములలో నేడు ఒక్కటియు లభ్యము కాదు. ఆ కాలపు ఖడ్గచిత్రములలో మిగిలిన కొలదివానిలో, దొంగలచే అవ్వను గోల్పోయిన పల్లెపడుచు విద్య నేర్చి తిరిగివచ్చు కథ గల 1929 నాటి 'హోంగ్ శ్యా' యొకటి. ఈ కళను అభిమానించువారు దానిని తప్పక చూడవలెనని నా మనవి.