తూము మొదలు శివారు దాక

గోదావరి ఆనకట్టను కట్టిన ఘనతను మనము తఱచుగా తలచుకొందుము. కట్టిన పిదప నీటిని పంచిపెట్టు కొలువు ఎట్లు నడచినదో తలచుట యరుదు. నేటి ప్రసంగము ఆ రెండవ కథను గూర్చినది.

1821లో 7,38,308 జనముగల రాజమహేంద్రవరపు జిల్లా 1841 నాటికి 5,61,041కి దిగజాఱెను. నందన సంవత్సరపు కఱవు ఆ నడుమనే వచ్చినది. 1844లో మాంట్‌గొమరీ దొర ఈ క్షీణతను విచారించి నివేదించెను. కాటన్ దొర 1847లో ధవళేశ్వరమున పని మొదలిడి 1852లో ముగించెను. విజ్జేశ్వరమున బయలుదేఱిన నీరు తాడేపల్లిగూడెము మీదుగా ఏలూరు చేరి కృష్ణ కాలువతో కలిసెను. 1854లో ప్రజాపనులకు వేఱుగా నొక శాఖ యేర్పడెను.

అయినను, తూముకడ కొలబద్ద చూచి నీరు నిండుగా నున్నదని చిట్టాలో వ్రాయుట సులభము. ఎగువ చేలలో మోకాలిలోతు నీరు నిలిచియుండగా, శివారు రైతు నారుమడి నెఱ్ఱెలు వాఱుట మీరు చూచినదే. పరీక్షాధికారి ముందుబల్ల పిల్లవానినే ప్రశ్నించి పోయినచో బడి యంతయు దివ్యముగా నున్నట్లే తోచును. చిరకాలము పంతులుగిరి చేసినవాడను గనుక అనుచున్నాను. కాలువ కొలువు మంచిచెడ్డలు తెలియునది శివారుననే. దాళ్వాలో వంతులు పెట్టినప్పుడు కాగితముమీది సమత బోదెలోనికి దిగినదా? తలుపు ఏ గడియకు ఎత్తిరో, ఏ గడియకు దించిరో వ్రాసినవారెవరు?

1997 నాటి రైతు యాజమాన్య చట్టము ఈ పనిని నీటి సంఘముల చేతిలో పెట్టెను. వంతుల పట్టిక కట్టుట, ఆయకట్టుదారుల పట్టీ నుంచుట, లెక్క తనిఖీ చేయించుట వాని విధులు. ఏర్పాటు మేలైనదే. కాని మట్టిపని బిల్లులపై నున్న చూపు నీటి కొలతపై నిలిచినట్లు నాకు తోచదు.

నీరిచ్చుట సగము పనియే. వాడిన నీరు మురుగు కాలువల వెంట కొల్లేటికి, అటనుండి ఉప్పుటేటి ద్వారా సముద్రమునకు పోవలెను. ఆ దారి పూడినచో శివారు రైతునకు మొదట ఎండుట, పిదప మునుగుట. ఇందులకై 1968లో డెల్టాలకు మురుగుపన్ను చట్టమే చేయవలసివచ్చెను. వేసవిలో కాలువలు కట్టివేసిన దినములలో గ్రామపెద్దలు బోదెతో పాటు మురుగు కాలువ గట్టుమీదను కడదాక నడచి, గుఱ్ఱపుడెక్క యెచ్చట అడ్డుపడినదో సంఘము పుస్తకమున వ్రాయింపవచ్చును. నీరు వదలుటకు ముందే ఆ పుట చదువుకొన్నచో లష్కరునకును పని తేలిక.