కీళ్ళ నొప్పికి చేతి వైద్యం – ఖుర్తుబా నుండి నేటి దాకా

మా అమ్మీకి కుడి భుజం పట్టేసి, తల దువ్వుకోను చేయి లేవకుండా పోయింది. ఎవరో చెప్పగా ఒక పహిల్వాన్ వద్దకు తీసికొని పోయినాము. ఆయన ఒక్కసారిగా చేయి గుంజి, లేపం పూసి కట్టు కట్టినాడు. వారం రోజులు ఆమెకు నిద్ర లేదు. తరువాత ఫిజియోథెరపీ చేసే ఒకామె అదే భుజాన్ని మెల్లమెల్లగా కదిలించి, ఇంటి దగ్గర వ్యాయామం చేయించి దారికి తెచ్చింది. రెండూ చేతి పనులే గదా, మరి తేడా ఎక్కడ? ఆ ప్రశ్నే నన్ను చరిత్రలోకి దింపింది.

ఈ విద్య గ్రీకులకు తెలుసు. హిప్పోక్రటీస్ పేర ఉన్న గ్రంథాలలో రోగిని బల్లపై పడుకోబెట్టి, లాగుతూ వీపుపై నొక్కే పద్ధతి వుంది. బగ్దాదు అనువాదకుల వల్ల ఆ జ్ఞానం అరబ్బీలోకి వచ్చింది. ఖుర్తుబా ప్రాంతపు అల్ జహ్రావీ (మరణం 1013) 30 భాగాల ‘తస్రీఫ్’ చివరి భాగంలో విరిగిన ఎముకలు, తప్పిన కీళ్ళ సంగతి వ్రాసినారు. ఇబ్న్ సీనా (980–1037) ‘ఖానూన్’లో ‘దల్క్’, అంటే మర్దన, గట్టిగా చేస్తే ఒక ఫలం, మెత్తగా చేస్తే మరొకటి అన్నారు. 1465లో తుర్కీ దేశపు అమాస్యాలో షరఫుద్దీన్ సాబున్‌జూ ఓగ్లూ రంగుల బొమ్మలతో శస్త్రచికిత్స గ్రంథం తయారు చేసినారు. మనం సభలలో ఈ పేర్లు చెప్పి చప్పట్లు కొడతాం, వారు ఏం వ్రాసినారో మాత్రం చూడం.

ఇంగ్లండులో ఎముకలు కట్టేవారిని డాక్టర్లు చిన్నచూపు చూసేవారు. 1867లో సర్ జేమ్స్ పాజెట్ మాత్రం, వారు నయం చేసే కేసులు కూడా ఉన్నాయి, వారి వద్ద మంచి ఉంటే నేర్చుకోండి అని తోటి డాక్టర్లకు చెప్పినారు. తరువాత ఆస్ట్రేలియాకు చెందిన జెఫ్రీ మెయిట్‌లాండ్ 1964లో వెన్ను వైద్యంపై పుస్తకం వెలువరించి, కీలు కదిలించడాన్ని మెట్లుగా విభజించినారు. నొప్పి ఎక్కువగా ఉంటే చిన్న చిన్న ఊపులు. బిగుసుకొని ఉంటే కదలిక ఆగే చోటి దాకా పెద్ద ఊపులు. అమ్మీ భుజానికి జరిగింది ఇదే.

మరి నొప్పి ఎందుకు తగ్గుతుంది? జారిన ఎముక ‘స్థానంలో పడింది’ అని జనం అనుకుంటారు. చాలా కేసుల్లో అది కాదు. కీలు చుట్టూ వుండే నరాలకు కదలిక కబురు అందితే వెన్నుపాములో నొప్పి కబురు కొంత అణగిపోతుందని, 1965లో మెల్జాక్, వాల్ చెప్పిన ‘గేటు’ సిద్ధాంతం ఆధారంగా వివరిస్తారు. అయితే ఈ ఉపశమనం తరచు కొద్దికాలమే. వ్యాయామం తోడైతేనే నిలుస్తుంది. భుజం పట్టు దానంతట అదే నెమ్మదిగా వదిలే జబ్బు కూడాను, ఘనత అంతా చేతికే ఇవ్వరాదు.

ఎముక విరిగినా, జ్వరంతో కీలు వాచినా, కాలూచేయీ తిమ్మిరెక్కి బలం తగ్గినా ముందు డాక్టరుకు చూపాలి, ఎవరినీ గుంజనివ్వకూడదు. అమ్మీ ఇప్పుడు కుడిచేత్తోనే జడ వేసుకుంటున్నది. ఆ పహిల్వాన్ గల్లీ మీదుగా మాత్రం రానంటుంది.