పీఠం కోల్పోయిన ఆకుకూర

చీనా భోజనంలో ఆకుకూర అనగానే కాగిన నూనెలో వెల్లుల్లి వేసి, పెద్దమంటపై క్షణకాలం కలియబెట్టి దింపిన బోక్‌చోయ్ స్ఫురిస్తుంది. పూర్వం ఆ పీఠం ‘క్వెయ్’ అనే ఆకుది. మన బచ్చలి వలె జిగురుగా ఉంటుంది. నూనెలో వేపుడు కంటె పులుసుకే తగినది. 1313 నాటి తన వ్యవసాయ గ్రంథంలో వాంగ్ జెన్ దానిని శాకములన్నింటికీ ప్రభువన్నాడు. మూడు శతాబ్దాలైనా నిండలేదు! 1578లో ముగించిన ఔషధకోశంలో లీ షిజెన్, ఇప్పుడు దీనిని తినేవారే లేరని వ్రాసి, శాకవర్గం నుండి తొలగించి ఓషధులలో చేర్చాడు. నూనె వేపుడు వ్యాపించడం, చలికాలమంతా నిలువయ్యే చీనా క్యాబేజీ పెరగడం కారణాలంటారు. నాకు రెండవదే బలంగా తోస్తున్నది. ఆకలికి రుచి కంటె నిలువ ముఖ్యం కదా! అయినా సిచువాన్‌లో నేటికీ క్వెయ్‌ను జావలో వేసి వండుకుంటారు. మన తీగబచ్చలికి చీనావారి పేరు ‘లువోక్వెయ్’. పాత ప్రభువు పేరు అందులోనూ నిలిచియున్నది.