దత్తావసరుని దినచర్య



భద్రాచలం నుండి గోదావరి ఒడ్డున ఎగువకు సుమారు 35 కిలోమీటర్లు పోతే దుమ్ముగూడెం మండలంలో పర్ణశాల వస్తుంది. 2016 వరకు అది ఖమ్మం జిల్లా, నేడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. యాత్రికులు అక్కడి సీతవాగులో బండమీది చారలను సీతమ్మ నారచీర ఆరవేసిన జాడలని చూస్తారు. రంగురాళ్లను ఆమె పసుపు కుంకుమలని కళ్లకద్దుకొంటారు. పంచవటి ఇదేనని మన ప్రాంతంవారి నమ్మకం, తమదేనని నాసిక వారి నమ్మకం. ఆ తగవు నేడు మనకు వద్దు. ఆ కుటీరాన్ని కట్టినవాడు కట్టడం ముగియగానే ఏమి చేశాడన్నదే ఈ టపాకు ప్రస్తావన.

వాల్మీకి అరణ్యకాండ పదిహేనవ సర్గలో ఆ నిర్మాణాన్ని చక్కగా వర్ణించాడు. లక్ష్మణుడు మట్టిగోడలు లేపాడు, వెదుళ్లు ఎత్తాడు, జమ్మికొమ్మలు పరచి త్రాళ్లతో బిగించాడు, దర్భతో, రెల్లుతో, ఆకులతో పైన కప్పాడు, నేల చదును చేశాడు. పని ముగిసింది. అయినా అన్నగారిని పిలిచి చూపలేదు. ముందుగా గోదావరికి పోయి స్నానం చేశాడు. తామరపూలూ పండ్లూ తీసుకొని తిరిగివచ్చి, పుష్పబలి సమర్పించి, శాంతి జరిపి, అప్పుడు గాని రామునికి చూపలేదు. రాముడు సంతోషించి గాఢంగా కౌగిలించుకొన్నాడు. రామాయణం చదివేవారు ఆ కౌగిలిని గుర్తుంచుకొంటారు, అంతకు ముందరి స్నానాన్ని దాటిపోతారు. చేసిన పనికీ, దానిని ఒకరికి చూపడానికీ నడుమ ఒక మునుక ఉండాలని ఆదికవికి తెలుసు.

పని చేసేవాని దినంలో విశ్రాంతికి ఇంత కాలమని ముందుగానే కేటాయించడం నేటివారు కనిపెట్టిన విద్య అని కొందరి అభిప్రాయం. మన అలంకారశాస్త్రం ఈ సంగతిని వేయేండ్ల క్రితమే కవికి శాసనంగా విధించింది. క్రీ.శ. 900 ప్రాంతంలో కనోజిలో ప్రతీహార రాజుల ఆస్థానంలో ఉన్న రాజశేఖరుడు 'కావ్యమీమాంస' అనే గ్రంథం రచించాడు. 1916లో బరోడాలో గైక్వాడ్ ప్రాచ్య గ్రంథమాలకు ప్రథమ సంపుటంగా అది అచ్చయింది. అందులో పదవ అధ్యాయం కవిచర్య.

పగలు నాలుగు జాములు, రాత్రి నాలుగు జాములు. జాము అంటే సుమారు మూడు గంటలు. ప్రాతస్సంధ్య ముగించి సరస్వతిని స్తుతించి మొదటి జాము చదువుకు. రెండవ జాము రచనకు. మధ్యాహ్నం కావస్తుండగా స్నానం, మితంగా హితంగా భోజనం. మూడవ జాము మిత్రులతో కావ్యగోష్ఠి. నాలుగవ జామున ఉదయం వ్రాసినదానిని ఒంటరిగానో, కొద్దిమంది ఎదుటనో పరీక్షించుకోవాలి. సాయంసంధ్య తరువాత, పరీక్షకు నిలిచిన భాగాన్ని సాపుగా వ్రాసుకోవాలి. రాత్రి రెండవ మూడవ జాములు చక్కగా నిద్రపోవాలి. నాలుగవ జామున ప్రయత్నపూర్వకంగా మేలుకోవాలి.

ఎనిమిది జాములలో కొత్తగా కల్పించి వ్రాయడానికి ఇచ్చినది ఒక్క జాము! నిద్రకు రెండు. రాజశేఖరుడు కారణాలు కూడ చెప్పాడు. రసావేశంలో ఉన్నవానికి తప్పొప్పులు తెలిసే చూపు ఉండదట. కనుక రచనకు, పరీక్షకు నడుమ స్నానభోజనాలూ గోష్ఠీ పెట్టాడు. మంచి నిద్ర శరీరానికి పరమారోగ్యమనీ, అట్లా నిద్రించి లేచినవాని మనస్సు బ్రాహ్మీముహూర్తంలో తేరుకొని భావాలను స్పష్టంగా చూడగలదనీ అన్నాడు. కవి ఇంట్లో చెట్లూ, కొలనులూ, నీటిజల్లుల గది, ఊయెలా ఉండాలన్నాడు. రచనలో అలసిన మనస్సు తేరుకోవడానికి నిశ్శబ్దంగా మసలే పరిజనమో, ఏకాంతమో కావాలన్నాడు.

ఈ ఊయెల ఆరువందల ఏండ్ల తరువాత మన తెలుగులో మళ్లీ కనిపిస్తుంది. కృష్ణదేవరాయల (1509–1529) ఆస్థానంలోని అల్లసాని పెద్దనదిగా వాడుకలో ఉన్న చాటుపద్యం మీరందరూ ఎరుగుదురు. ఎవ్వరూ కదిలించని చోటు, చెలికత్తె తెచ్చి ఇచ్చే కప్పురపు తాంబూలం, మనసుకు నచ్చిన భోజనం, ఊయెల మంచం, తప్పొప్పులు తెలిసిన రసజ్ఞులు, తన ఊహను పట్టుకోగల లేఖకులూ పాఠకులూ దొరికితే తప్ప ఊరక కావ్యం చెప్పమంటే ఎట్లా అని ఆ పద్యభావం. తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు నవ్వేవారు. కవిగారి విలాసం అనుకొనేవారు. కావ్యమీమాంస ప్రక్కన పెట్టి చదివితే ఇది కవిచర్యకు సంగ్రహం. మొదటి నాలుగూ మనస్సూ దేహమూ తేరుకొనే సాధనాలు. చివరివి గోష్ఠీ, పరీక్షా, లేఖనమూ. ఏది తీసివేసినా కావ్యానికి లోటే.

అయితే ఇక్కడ ఒక ప్రశ్న అడుగక తప్పదు. ఆ తాంబూలం చుట్టిన చేతికి జాము ఎక్కడిది? నిశ్శబ్దంగా మసలిన పరిజనానికి ఊయెల ఎవరు వేశారు? రాజశేఖరుడు ఈ అధ్యాయంలోనే పురుషులవలె స్త్రీలూ కవులు కావచ్చునని, సంస్కారం ఆత్మకు సంబంధించినదే గాని స్త్రీపురుష భేదం చూడదని నిస్సంకోచంగా వ్రాశాడు. తన భార్య అవంతిసుందరి అభిప్రాయాలను గ్రంథంలో పేరుపెట్టి ఉదాహరించాడు. ఆ కాలానికి అది గొప్ప మాట. కాని ఆయన గీసిన దినచర్య పట్టికలో వంట లేదు, పసిబిడ్డ లేదు, వాకిలి ఊడ్చే పని లేదు. ప్రతిభకు భేదం లేదన్న పండితుడు తీరికకున్న భేదం చూడలేదు. మన సాహిత్యచరిత్రలో స్త్రీల పేర్లు తక్కువగా ఉండడానికి గల కారణాలలో ఈ జాముల లెక్క కూడ ఒకటని నా నమ్మకం.

ఉద్యోగస్థులను మాత్రం ఆయన మరచిపోలేదు. కాలాన్ని బట్టి కవులను నాలుగు విధాలుగా విభజించాడు. గుహలోనో, లోపలి గదిలోనో కూర్చుండి ఎల్లవేళలా వ్రాసేవాడు అసూర్యంపశ్యుడు. మనసు లగ్నమైనప్పుడే కూర్చుండేవాడు నిషణ్ణుడు. సేవాదులకు భంగం రాకుండా, దొరికిన సందులో వ్రాసేవాడు దత్తావసరుడు. ఒక సందర్భం కొరకు వ్రాసేవాడు ప్రాయోజనికుడు. బడిపంతుళ్లమూ, గుమాస్తాలమూ, రాత్రి అందరూ పడుకొన్నాక కీబోర్డు ముందు కూర్చుండేవారమూ మూడవ కోవకు చెందుతాము. మనకు ఆయన చూపిన వేళలలో తెల్లవారుజాములో చివరి సగం ఒకటి, దానికి సారస్వత ముహూర్తమని పేరు. తృప్తిగా భుజించిన తరువాతి వేళ ఒకటి, పల్లకి ప్రయాణం మరొకటి. ప్రయాణంలో ఇతర విషయాలనుండి మళ్లిన చిత్తం దేనిమీద పెడితే దానికే అతుక్కుంటుందట. నేడు పల్లకి స్థానంలో బస్సు కిటికీ ప్రక్క సీటు! ఇవన్నీ శరీరం తేరుకొన్న వేళలే. నిద్రను కోసి వ్రాసే వేళ ఆయన జాబితాలో లేదు.

కాలం దొరికినంత మాత్రాన అది విశ్రాంతి కాదనడానికి భద్రాద్రిలోనే దృష్టాంతం ఉంది. పాల్వంచ పరగణా తహశీల్దారు కంచెర్ల గోపన్న గోలకొండ చెరలో పన్నెండేండ్లు గడిపాడని ప్రతీతి. కచేరీ పని లేదు, కావలసినంత కాలం ఉంది. ఆ చెరలో పుట్టినవని చెప్పే కీర్తనలలో మనకు వినిపించేది ఆర్తి. తన ఇష్టంతో ఆగి, తన ఇష్టంతో మళ్లీ లేవగలిగినప్పుడే అది విశ్రాంతి.

విద్యార్థికి సైతం మన పూర్వులు ఆగే రోజులు నియమించారు. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, అమావాస్య, పున్నమి అనధ్యయనాలు. మన వీధిబడులకూ ఈ తిథులలో సెలవు ఉండేది. సెలవు పాటించకుంటే ఏమవుతుందో సుందరకాండలో ఒక ఉపమ చెబుతుంది. లంకనుండి తిరిగివచ్చిన హనుమంతుడు తోటి వానరులకు సీతమ్మ స్థితి వర్ణిస్తూ, పాడ్యమినాడు కూడ పాఠం మానని వాని చదువువలె ఆమె కృశించిపోయిందన్నాడు. పర్ణశాలనుండి అపహృతయైన తల్లికి ఆ కవి వెదకి తెచ్చిన పోలిక సెలవు లేని చదువు! ఎడతెగక చదివితే విద్య పెరుగుతుందని మనం అనుకొంటాము. చిక్కిపోతుందని ఆయన అన్నాడు. ముప్పై ఏండ్లకు పైగా బడిలో ఉన్నవానిగా ఆయన మాటకే నా ఓటు. ఇంటర్వెల్ గంట కొట్టని పూట, తరువాతి పాఠం ఎంత బాగా చెప్పినా పిల్లలకు ఎక్కేది కాదు.

కనుక దత్తావసరులకు నా విన్నపం. వ్రాసినదానిని వ్రాసిన ఊపులోనే ప్రకటింపకండి. నడుమ ఒక స్నానమో, భోజనమో, నాలుగడుగుల నడకో పడనీయండి. నెలకు కొన్ని తిథులు అనధ్యయనంగా పాటించండి. అన్నిటికన్న ముందు ఒక కాగితం తీసుకొని మీ ఇంట్లో ఎవరి వంతుకు ఎన్ని జాములు వస్తున్నవో లెక్క వేయండి. మీకు రెండు, ఆమెకు సున్న అని తేలితే, తాంబూలం సంగతి దేవుడెరుగు, ముందు ఊయెల ఎవరికి వేయాలో మీకే తెలుస్తుంది.

స్వస్తి.